లూమెన్, టస్కర్, గదికి ఒకే ప్లగ్గు

నమోదు 1. మంగళవారం. మగత: 1

రెండో బ్లోయరు ఆగిపోయింది. ఆపింది సుభాషిణి. తప్పు ఆమెది కాదు. ఈ ఒక్క మాట రాసి వదిలేస్తే పాలకసభ ఊరుకోదు గనక వివరం రాస్తున్నాను.

గాలి ప్లాంటులో రెండు బ్లోయర్లున్నాయి. ఒకదాన్ని టస్కర్ గేమ్ కన్సోలు బోర్డు నడుపుతుంది, రెండోదాన్ని లూమెన్ బోర్డు. భూమి నుంచి సరుకు ఓడలు రావడం మానేశాక కొత్త కోరంగిలో పంపులు, లిఫ్టులు, వంటశాల పొయ్యిలు అన్నీ ఈ రెండు రకాల ఆటవస్తువుల మీదే నడుస్తున్నాయి. ఈ సీరీస్ గ్రహశకలానికి వలస వచ్చేటప్పుడు కంపెనీ మమ్మల్ని సొంత కంప్యూటర్లు తెచ్చుకోనివ్వలేదు. కాలక్షేపానికి గేమ్ కన్సోళ్ళు తెచ్చుకోనిచ్చింది. ఆ ముందుచూపుకి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. చెబుదామన్నా వాళ్ళు ఫోనెత్తడం లేదు.

కిందటి వారం పాలకసభ సమైక్యతా వారోత్సవం జరిపింది. అందులో భాగంగా టస్కర్ కుటుంబాల వాళ్ళని లూమెన్ పనుల్లోకి, లూమెన్ కుటుంబాల వాళ్ళని టస్కర్ పనుల్లోకి మార్చింది. సుభాషిణి ఊహ తెలిసినప్పటి నుంచీ తోటలో టస్కర్ పంపు దగ్గర పనిచేసిన పిల్ల. ఆమెని తెచ్చి లూమెన్ బ్లోయరు దగ్గర కూర్చోబెట్టారు. కంట్రోలర్ మీద కుడి బటన్ లూమెన్‌లో 'సరే', టస్కర్‌లో 'వద్దు'. తెర మీద 'బ్లోయరు ఆపమంటారా?' అని వచ్చింది.

"వద్దన్నానండి ఇంజినీరు గారూ," అంది. "మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. నేనంత గట్టిగా వద్దంటంటే అదేంటండి, ఆగిపోయింది."

బ్లోయరు ఆగితే దాని బోర్డుకి చల్లగాలి అందదు. బోర్డు కాలిపోయింది.

బటన్ల మీద 'సరే', 'వద్దు' అని రంగుతో రాద్దామని ఆరేళ్ళ కిందట అర్జీ పెట్టాను. తమ అలవాటు తప్పని ఎత్తిచూపినట్టు ఉంటుందని రెండు పక్షాలూ కలిసి దాన్ని కొట్టేశాయి. కొత్త కోరంగి చరిత్రలో ఏకగ్రీవ తీర్మానం అదొక్కటే.

సాయంత్రం గదికి వచ్చి టస్కర్ పెట్టాను. మంగళవారం దాని వంతు. గదికి ఒకే ప్లగ్గు, సాయంత్రం రెండు గంటల కరెంటు. నేను లూమెన్ మనిషిని, హైమ టస్కర్ మనిషి. పెళ్ళైన కొత్తలోనే రోజులు పంచుకున్నాం. ఆదివారం ఎవరిదన్నది తేలక ఆ ప్లగ్గుకి ఇస్త్రీపెట్టె పెట్టేవాళ్ళం.

హైమ పోయి పది నెలలైంది. రోజుల పంపకం మార్చలేదు.

టస్కర్ లేవడానికి కొంత సమయం తీసుకుంటుంది. హోరు మొదలవుతుంది. తర్వాత తెర మీద మాట వస్తుంది: 'హైమా, ఆపిన చోటి నుంచి మొదలుపెడదామా?'

'వద్దు' నొక్కాను. కట్టేశాను.

ఫిర్యాదులు: లేవు.

నమోదు 2. బుధవారం. మగత: 2

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఇక్కడ మగత అంటారు. ఒకటి మామూలు. రెండంటే తలనొప్పి. మూడంటే మాట తడబడుతుంది. నాలుగంటే పడుకున్న మనిషిని లేపి చూసుకోవాలి. ఐదుకి ఏమవుతుందో రాసిన మనిషి లేడు. నాలుగు వందల మందికి ఒక్క బ్లోయరు చాలదు. రెండోదానికి వారం రోజుల్లో బోర్డు కావాలి.

వాడకుండా మిగిలిన కన్సోళ్ళు వలసలో రెండే ఉన్నాయి. ఒక లూమెన్, ఒక టస్కర్. రెండూ నా గదిలో ఉన్నాయి. మిగతావన్నీ ఎప్పుడో ఏదో ఒక పంపులోకి వెళ్ళిపోయాయి. వాటిలో చాలావరకు పాత మోడళ్ళు, బ్లోయరు భారం మోయలేవు. మా రెండింటినీ తీసుకుందామని పాలకసభ చాలాసార్లు ప్రయత్నించింది. ముందు వాళ్ళది తియ్యండని ఒక పక్షం, కాదు వాళ్ళదే తియ్యండని రెండో పక్షం అడ్డుపడ్డాయి. మిశ్రమ వివాహం వల్ల ఒరిగే లాభం ఏమిటని పెళ్ళినాడు అడిగినవాళ్ళకి ఇదే జవాబు.

ఈ తగాదా గురించి కొంచెం రాయాలి. లూమెన్ తెల్లగా, పలచగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. టస్కర్ నల్లగా పెట్టెలా ఉంటుంది, పిండిమరలా హోరెత్తుతుంది. లూమెన్ ముందొచ్చింది. టస్కర్ ఏడాది ఆలస్యంగా, రెట్టింపు బరువుతో వచ్చింది. లూమెన్‌కి కారు పందేలు, టస్కర్‌కి నది మీద లాంచీ. ఒకదాని ఆట రెండోదాంట్లో ఆడదు. ఒకదాని జ్ఞాపకం రెండోదాంట్లోకి ఎక్కదు. అన్ని విషయాల్లోనూ కొట్టుకున్న రెండు కంపెనీలు ఈ ఒక్క విషయంలో చక్కగా ఒక మాట మీద నిలబడ్డాయి.

భూమ్మీద అంతకుముందు సేగా ఆటపెట్టెల పిల్లలూ నింటెండో ఆటపెట్టెల పిల్లలూ బడి ఆవరణలో వాదించుకునేవారని హైమ చెప్పేది. ఆ తర్వాత కార్ట్రిడ్జి గొప్పా డిస్కు గొప్పా అన్నారట. వాళ్ళ మనవలకి ఆ పేర్లు కూడా గుర్తు లేవు. "మనది అలా కాదు చూడండి," అనేది. "మన తగువు నిలబడుతుంది." నిజమే. ఇవాళ భోజనశాలలో ఎడమ వరస లూమెన్ వాళ్ళది, కుడి వరస టస్కర్ వాళ్ళది. అందులో సగం మంది రెండింటిలో దేన్నీ ముట్టుకుని ఎరగరు. అయినా లూమెన్ చేతికి ఎంత తేలిగ్గా ఉంటుందో, టస్కర్‌లో రంగులు ఎంత చిక్కగా ఉంటాయో ఒట్టేసి చెబుతారు.

మధ్యలో ఒక బల్ల ఉంది. మిశ్రమ దంపతుల కోసం వేశారు. ఉన్న మిశ్రమ దంపతులం మేమే. ప్రస్తుతం ఆ బల్లకి రద్దీ లేదు.

నిబంధన ఒకటుంది: గాలి ప్లాంటుకి శ్రేష్ఠమైన యంత్రాన్నే ఇవ్వాలి, ఏది శ్రేష్ఠమో సభ పెట్టి తేల్చాలి. ఇది రాసిన రోజుల్లో మాది పెట్టండంటే మాది పెట్టండని చొక్కాలు చింపుకున్నారు. సోమవారం సభ.

తీసుకున్న యంత్రానికి బ్లోయరు ప్రోగ్రాము ఎక్కించాలంటే అందులో ఉన్నదంతా తుడిచెయ్యాలి. ఇది నిబంధనల్లో లేదు. నాకు తెలుసు.

ఫిర్యాదులు: మూడు. తలనొప్పి.

నమోదు 3. గురువారం. మగత: 2

"బావా, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను. బయట గాలి లేదు."

నూకరాజు లోపలికొచ్చాడు. హైమ తమ్ముడు. టస్కర్ పక్షానికి కార్యదర్శి. మామూలుగా తలుపు దాటకముందే ఉపన్యాసం మొదలవుతుంది. ఇవాళ కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"పొద్దున్న మావోళ్ళందరం కూచుని మాట్టాడుకున్నాం," అన్నాడు. "ఒక నిర్ణయానికొచ్చేం."

"ఏమిటి?"

పైకప్పు చూశాడు. "లూమెనే గొప్పదని."

చేతిలో గ్లాసు కింద పెట్టాను. "ఇంకోసారి చెప్పు."

"వద్దు బావా. ఒకసారికే నోరు చేదయిపోయింది."

లెక్క తేలికే. గొప్పదని తేలినదాన్ని విప్పి ప్లాంటులో పెడతారు. రెండోది వలసలో చివరి కన్సోలుగా మిగులుతుంది. ఎవరిది మిగిలితే ఆ పక్షం బతుకుతుంది. అందుకని టస్కర్ వాళ్ళు లూమెన్ గొప్పదనం కనిపెట్టారు. నలభై ఏళ్ళ గుడ్డితనం ఒక్క పూటలో వదిలింది.

"మాటలు మావోళ్ళు సరిగ్గా సెప్పలేరు," అన్నాడు. "అలవాటు లేదు గదా. నువ్వు సెప్పాలి. రెండు మిషన్లూ నీ దగ్గరే ఉన్నాయి, పైగా ఇంజినీరువి. కొత్తగా ఏం సెప్పక్కర్లేదు. ఇరవయ్యేళ్ళు అక్కతో ఏం వాదించేవోడివో అదే సభలో సెప్పు. అంతే. ఆ పెట్టె ఉండిపోద్ది."

టస్కర్ అప్పటికే పెట్టి ఉంది. గురువారం కూడా దాని వంతే. హోరు సర్దుకుని తెర వెలిగింది. 'హైమా, ఆపిన చోటి నుంచి మొదలుపెడదామా?'

నూకరాజు చూశాడు. చాలాసేపు చూశాడు.

"రోజూ ఇలాగే అడుగుద్దా?"

"దాని వంతు రోజుల్లో."

"నువ్వేమంటావు?"

"వద్దంటాను."

"ఎందుకు?"

గోదావరి మీద లాంచీ నడిపే ఆట అది. రాజమండ్రిలో జనాన్ని ఎక్కించుకుని పాపికొండలు దాటి పేరంటాలపల్లిలో దింపాలి. హైమ కొండల మధ్య మలుపులో ఆపి అన్నానికి లేచింది. తర్వాత జ్వరం వచ్చింది. 'సరే' నొక్కితే లాంచీ కదులుతుంది. కదిలితే కొత్త చోటు గుర్తుపెట్టుకుని పాత చోటు చెరిపేస్తుంది. ఆమె ఆపిన చోటు ఉండదు.

ఇదంతా నూకరాజుకి చెప్పలేదు. "నాకు ఆడటం రాదు," అన్నాను.

"అదైతే నిజమే," అన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు టస్కర్ మీద దుమ్ము చేత్తో తుడిచి వెళ్ళాడు.

ఫిర్యాదులు: పదకొండు. తలనొప్పి పది. ఒకటి భోజనశాలలో లూమెన్‌ని పొగుడుతున్న టస్కర్ యువకుల మీద, శాంతిభద్రతల కింద.

నమోదు 4. శుక్రవారం. మగత: 3

లూమెన్ పక్షానికీ జ్ఞానోదయం అయింది. మా నాయకుడు త్రిమూర్తులు మధ్య బల్ల దగ్గరికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎడమ వరస దాటడం చూడలేదు.

"టస్కర్ చప్పుడుంది చూశావా కామేశం," అన్నాడు. "అది హోరు కాదయ్యా. గాంభీర్యం."

"మీరు దాన్ని పిండిమర అనేవారు."

"అన్నాన్లే. పిండిమర లేకపోతే పిండెక్కడిది?" దగ్గరికి జరిగాడు. "నీ బాధ నాకు తెలుసు. హైమమ్మ మన పక్షం కాకపోయినా మంచి మనిషి. పోనీలే, ఆవిడ మాటే నెగ్గిందని సభలో చెప్పు. ఆవిడ ఆత్మకి శాంతిగా ఉంటుంది. మన లూమెన్ కూడా మిగుల్తుంది."

"ఆత్మ శాంతి ముందా, లూమెన్ ముందా?"

"రెండూ ఒకే ఓటుతో అయిపోతాయి గదా," అన్నాడు. దాచుకోలేదు. ఆయనలో నాకు నచ్చేది అదొక్కటే.

సాయంత్రానికి నడవల్లో గోడల మీద రాతలు వెలిశాయి. 'లూమెనే సర్వశ్రేష్ఠం: టస్కర్ యువజన సంఘం.' ఎదురుగోడ మీద 'టస్కర్‌కి సాటి లేదు: లూమెన్ మహిళా విభాగం.' లిఫ్టు దగ్గర ఇద్దరు మనుషులు మీదే గొప్పంటే కాదు మీదే గొప్పని కాలర్లు పట్టుకున్నారు. విడదీశాను. ఎవరు ఏ పక్షమో వాళ్ళకే కాసేపు గుర్తు రాలేదు. అది మగత వల్ల అని రాసుకున్నాను.

చెడ్డగాలి కిందికి దిగుతుంది. కింది అంతస్తు వాళ్ళని చాపలతో సహా పై నడవలోకి మార్చాం. సుభాషిణి తల్లి మెట్ల మీద రెండుసార్లు కూలబడింది. సుభాషిణి ఆమెని వీపు మీద మోసుకొచ్చి పడుకోబెట్టి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. ఆమెని ఎవరూ ఏమీ అనడం లేదు. ఎవరూ పలకరించడమూ లేదు.

ఫిర్యాదులు: రాయడం మానేశాను.

నమోదు 5. శనివారం. మగత: 3

రెండు కన్సోళ్ళనీ ప్లాంటుకి తీసుకెళ్ళి పరీక్ష పెట్టాను. సభకి అభిప్రాయాలు చాలా ఉన్నాయి. ఒక కొలత కూడా ఉంటే బాగుంటుందనిపించింది.

బ్లోయరు గదిలో ఎప్పుడూ వేడి. పాత లూమెన్ బోర్డుకి చల్లగాలి తెచ్చిన గొట్టం బోర్డుతో పాటే కరిగిపోయింది, అలాంటిది ఇంకొకటి లేదు. సన్నటి రాతిపొడి తేలుతూ ఉంటుంది. ముందు లూమెన్‌ని పెట్టాను. బోర్డు ఎంత పని చెయ్యాలో అంత పనీ ఉత్తుత్తిగా చేయించాను. చక్కగా చేసింది. అరగంటకి నెమ్మదించింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎప్పటిలాగే మర్యాదగా, చప్పుడు చెయ్యకుండా ఆగింది. చల్లార్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అరగంట.

తర్వాత టస్కర్. పొడి గొంతులో పడ్డట్టు ఒకసారి గరగరమంది. రెండు ఫ్యాన్లూ అందుకున్నాయి. మధ్యాహ్నమంతా హోరెత్తింది. రెండుసార్లు కావాలని కరెంటు తీశాను. రెండుసార్లూ లేచి ఆగిన పని అందుకుంది.

ఆ హోరు నిర్మాణలోపమని ఇరవై ఏళ్ళు హైమతో వాదించాను. బి.టెక్. చదివినవాడిని గనక కొన్ని పదాలు కూడా వాడేవాణ్ణి. "పని చేస్తంటే చప్పుడవదా ఏంటి?" అనేది ఆమె. అంతే ఆమె వాదన. నేను నవ్వేవాణ్ణి.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫలితం నాకొక్కడికే తెలుసు.

లూమెన్ పనికొస్తుందని రాస్తే ఏమవుతుందని ఆలోచించాను. ఆలోచించలేదని రాయడం అబద్ధం. అరగంటకోసారి ఆగుతుంది. పక్కన ఒక మనిషి కూర్చుని విసిరి, చల్లార్చి, మళ్ళీ మొదలుపెడుతూ ఉంటే నడుస్తుంది. ఆ మనిషి నేను కావచ్చు. నాకు వేరే పనులేం లేవు. గదిలో కూర్చునే బదులు అక్కడ కూర్చుంటాను.

కానీ మనిషి ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోతాడు. నేను నిద్రపోయిన కాసేపటికి కింది అంతస్తు మొత్తం నిద్రపోతుంది. వాళ్ళని లేపడానికి నేను లేవను.

రెండు పెట్టెలూ ఎత్తుకుని గదికి వచ్చాను. టస్కర్ చాలా బరువు. ఆ విషయంలో మాత్రం నా వాదన సరైనదే.

నమోదు 6. సోమవారం. మగత: 4

సభ జరిగింది. అధ్యక్షురాలు మాణిక్యాంబ గారు. మొదటి ఓడలో వచ్చినవాళ్ళలో మిగిలింది ఆమే. ఆమె ఏ పక్షమో ఎవరికీ తెలియదు. చదరంగం ఆడుకుంటుందని పుకారు.

త్రిమూర్తులు టస్కర్ మీద ముప్పావుగంట మాట్లాడాడు. ఆలస్యంగా రావడం నిదానమన్నాడు, బరువు హుందాతనమన్నాడు. భూమ్మీద లూమెన్ వేసవిలో మాడిపోయేదని మొదటిసారి బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఎడమ వరస చప్పట్లు కొట్టింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నలభై ఏళ్ళు గుండెల్లో దాచుకున్న మాట గదా.

నూకరాజు లేచాడు. లూమెన్ సన్నగా ఉంటుందన్నాడు. ఆగాడు. తెల్లగా ఉంటుందన్నాడు. ఇంకేమైనా ఉందా అన్నట్టు నావైపు చూశాడు. "సప్పుడు సెయ్యదు," అన్నాడు చివరికి, తిట్టు తిట్టినట్టు. కూర్చున్నాడు.

చేతులెత్తమన్నారు. ఎప్పుడూ ఉండేదే, సరిసమానం. వెనకవరసలో ఒకాయన కూర్చున్నచోటే కళ్ళు మూసేశాడు. పక్కవాళ్ళు ముఖాన నీళ్ళు కొట్టి లేపారు. లేచి రెండు చేతులూ ఎత్తాడు.

"ఇంజినీరుని పిలవండి," అంది మాణిక్యాంబ గారు.

వెళ్ళి నిలబడ్డాను. పరీక్ష చేశానని చెప్పాను.

"ఏం తేలింది నాయనా?"

నూకరాజు ముందుకి వంగి కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నా మాట నాకు అందిస్తున్నాడు: లూమెన్.

"టస్కర్ మంచిది," అన్నాను.

"ఎంత మంచిది?"

"నేను ఇన్నాళ్ళూ చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం. లూమెన్ ఈ వేడిలో అరగంట కంటే నిలవదు. టస్కర్ ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. హోరు లోపం కాదు. అది ఉండబట్టే నడుస్తోంది."

ఎడమ వరస కేకలేసింది, ఈలలేసింది. వాళ్ళు ఈలలేస్తున్నది టస్కర్ గెలిచినందుకని కాసేపటికి ఎవరికో తట్టింది. ఈలలు ఒక్కొక్కటే ఆగాయి. నూకరాజు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"ఎప్పుడు తీసుకోవచ్చు?" అంది మాణిక్యాంబ గారు.

"బుధవారం. బిగించడానికి చట్రం చెయ్యాలి. వర్క్‌షాపుకి రేపంతా పడుతుంది. ఆ లోపల పెట్టె ఇచ్చినా వాళ్ళకి పనేం లేదు."

"చట్రం కోసమేనా?"

"రేపు మంగళవారం. దాని వంతు."

ఆమె తలూపి బుధవారం అని రాయించింది. కారణం రాయించలేదు.

నమోదు 7. మంగళవారం. మగత: 4

టస్కర్ పెట్టాను. హోరు. తెర.

'హైమా, ఆపిన చోటి నుంచి మొదలుపెడదామా?'

ఎడమ బటన్ నొక్కాను. సరే.

రెండు పక్కలా కొండలు. నీళ్ళ మీద పొద్దు. లాంచీ నిండా జనం. ఎవరో పాత్రలో పులిహోర కలుపుతున్నారు. ఇంత అందంగా ఉంటుందని హైమ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే ఉంటుంది. రంగులు చిక్కగా ఉంటాయన్న మాట నాకు నినాదంలాగే వినబడేది.

నడపడం మొదలుపెట్టాను. కుడికి తిప్పబోతే హారన్ మోగింది. ఆపబోతే వేగం పెరిగింది. మలుపు కూడా తిరక్కుండానే ఇసకమేట మీదికి ఎక్కించాను. లాంచీ ఒరిగింది. ప్రయాణికులు తిట్టారు. ఒకావిడ అచ్చం మా పిన్నత్తగారి గొంతుతో, "కొత్తోడిని పెట్టేర్రా బాబూ," అంది.

పది నెలలు కదలకుండా కాపలా కాసిన లాంచీని పది నిమిషాల్లో ఇసకలో దించాను.

మిగతా సమయమంతా వెనక్కి లాగడానికి ప్రయత్నించాను. ఇంజను వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. ఆపి, చల్లారాక మళ్ళీ లాగాను. రాలేదు. కొందరు ప్రయాణికులు దిగి ఇసకలో కూర్చుని పులిహోర తిన్నారు. పొద్దు వాలింది. నది రంగు మారింది. లాగడం మానేసి చూస్తూ కూర్చున్నాను.

కరెంటు పోయింది. రెండు గంటలూ అయిపోయాయి.

నమోదు 8. బుధవారం. మగత: 3

బిగించాం. సుభాషిణి సాయం చేసింది. తెర అడిగింది: 'మొత్తం తుడిచెయ్యమంటారా?'

"నేను నొక్కనాండి?" అంది సుభాషిణి. "ఇది నాకు అలవాటైన మిషనే. ఈసారి తప్పు రాదు."

"తెలుసు. నేను నొక్కుతాను."

నొక్కాను. చాలా సేపు పడుతుందనుకున్నాను. పట్టలేదు.

బ్లోయరు తిరిగింది. బయట నడవలో ఎవరో గాలి వచ్చే జాలీకి ముఖం ఆనించి నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. సుభాషిణి కంట్రోలర్ పట్టుకుని కూర్చుంది. వెళ్ళి అన్నం తినమంటే కాసేపుంటానంది. వాళ్ళమ్మ తనే నడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నా ఆ హోరులో వినబడదు.

బటన్ల మీద పేర్లు రాయడానికి పాలకసభ సూత్రప్రాయంగా అంగీకరించింది. ఏ రంగుతో రాయాలన్నదాని మీద ఉపసంఘం వేసింది.

నమోదు 9. శుక్రవారం. మగత: 1

వలసలో చివరి కన్సోలు లూమెన్ అయినందుకు లూమెన్ పక్షం విజయోత్సవం జరిపింది. శ్రేష్ఠమైనది టస్కరేనని సభ తేల్చినందుకు టస్కర్ పక్షం విజయోత్సవం జరిపింది. రెండు ఊరేగింపులూ ఒకే నడవలో ఎదురయ్యాయి. పాత నినాదాలు తిరిగొచ్చాయి. అందరి ముఖాల్లో ఎంత హాయి కనిపించిందో చెప్పలేను.

సాయంత్రం గదిలో లూమెన్ పెట్టి కూర్చున్నాను. శుక్రవారం ఎలాగూ దాని వంతే. ఇక ముందు అన్ని రోజులూ దాని వంతే. ఆట మొదలుపెట్టలేదు.

నూకరాజు వచ్చాడు. సభ తర్వాత మొహం చూపించడం ఇదే. పిలవలేదు, పలకరించలేదు. వచ్చి కూర్చుని నా చేతిలో కంట్రోలర్ తీసుకున్నాడు. కారు పందెం పెట్టాడు. బయల్దేరిన కాసేపటికే గోడకి గుద్దాడు.

"బ్రేకేది?"

"నువ్వు నొక్కుతున్నది కాదు."

మళ్ళీ గుద్దాడు. "ఇందులో ఏం సూసుకుని ఇరవయ్యేళ్ళు అక్కతో తగువేసుకున్నావ్ బావా?"

"తగువు అయిపోయిందిగా. టస్కరే గొప్పదని సభలో ఒప్పుకున్నాను."

కంట్రోలర్ పక్కన పెట్టాడు. "నిన్నేమడిగేరు? గాలి తిప్పడానికి ఏది మంచిదని అడిగేరు. సెప్పేవ్. అది బ్లోయరు సంగతి. ఆడుకోటానికి ఏది గొప్పో నిన్నెవడన్నా అడిగేడా?"

"లేదు."

"మరి తేలిందని ఎవడు సెప్పేడు నీకు?"

తెర మీద నా కారు బోర్లాపడి చక్రాలు తిప్పుతోంది.

"సెప్పు బావా," అన్నాడు. "తేలిందా?"

"తేలలేదు," అన్నాను. "ఆడుకోవడానికి లూమెనే."

"అబ్బో. ఎందుకో సెప్పు."

చెప్పాను. చప్పుడు ఉండదు గనక టైరు రోడ్డు మీద జారడం వినబడుతుందన్నాను. ఎక్కడ జారుతుందో చెవితో తెలుసుకుని తిప్పాలన్నాను. టస్కర్‌లో నదికి చప్పుడే ఉండదు, ఉన్నా ఫ్యానే వినబడుతుందన్నాను. మొన్న రెండు గంటలు గోదావరి మీదున్నాను, ఒక్కసారి నీళ్ళ చప్పుడు విన్నది లేదన్నాను.

"నడపడం సేతకాక ఇసకలో పెట్టుంటావ్. ఇసకలో నీళ్ళ సప్పుడేంటి?"

"ఆ కంట్రోలర్‌తో ఎవడు నడిపినా ఇసకలోకే పోతుంది. కుడికి తిప్పితే హారన్ మోగుతుంది. అది ఏ తలమాసినవాడి ఆలోచన?"

"మలుపులో హారన్ కొట్టాలి బావా. ఎదురు లాంచీ రాదా? మిషను నీకంటే ముందే ఆలోచించింది. మీ కారుకి హారనే లేదు. మనుషుల్ని గుద్దేత్తే?"

"పందెంలో మనుషులెక్కడుంటారు?"

"అదే సెప్తున్నాను. మా దాంట్లో మనుషులుంటారు."

ఇది వాదన కాదన్నాను. మాటలు తిప్పడమన్నాను. "మీ అక్క ఇంతకంటే బాగా వాదించేది," అన్నాను.

"తెల్సు," అన్నాడు నూకరాజు. "ఆవిడ లేదు. నాతోనే సరిపెట్టుకో."

తర్వాత లూమెన్ మొదటి మోడల్‌కి ఎంతమంది చేతులు కాలాయో అతను ఎత్తాడు. టస్కర్ ఏడాది ఆలస్యంగా ఎందుకొచ్చిందో నేను ఎత్తాను. అతను లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను.

ఫిర్యాదులు: ఒకటి. పదమూడో గదిలో ఇద్దరు గట్టిగా అరుచుకుంటున్నారని పద్నాలుగో గదివాళ్ళు గోడ కొట్టి చెప్పారు. డ్యూటీలో ఉన్నది నేనే గనక విచారించాను. నిజమే. ఆపమని మందలించాను. ఆపలేదు.